చారలు, వాతలు: స్ట్రైపర్ బృందం తొలి ఏళ్లు

(సంగీత శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు ముందుకు రండి. చివర్లో ఒక పాట వినబోతున్నాం. దాంట్లో ఎడమ స్పీకర్లో ఒకటి, కుడి స్పీకర్లో ఇంకొకటి జరుగుతుంది. గోడకి ఆనుకుని కూర్చుంటే ఆ తేడా చెవికి అందదు.

ఒక వచనంతో మొదలుపెడతాను. యెషయా గ్రంథం 53వ అధ్యాయం, 5వ వచనం. గుడ్ ఫ్రైడే ఆరాధనకి వెళ్లేవాళ్లకి ఇది కంఠతా వచ్చు. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." మన తెలుగు బైబిల్లో దెబ్బలు అని ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అదే చోట ఉన్న మాట 'స్ట్రైప్స్'. ఆ మాటకి రెండర్థాలున్నాయి. కొరడా పడ్డచోట ఒంటిమీద తేలే వాత ఒకటి, బట్టమీద కనిపించే చార ఇంకొకటి. మనకి వాత వేరు, చార వేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఒక హెవీ మెటల్ బృందం, అంటే గిటార్ల హోరుతో నడిచే గట్టి రాక్ బృందం, బతుకంతా ఈ శ్లేష మీద నడిచింది. పసుపు నలుపు చారల బట్టలేసుకుని, 'స్ట్రైపర్' అని పేరు పెట్టుకుని, బొమ్మలా గీసిన ఆ పేరు కిందే 'యెషయా 53:5' అని రాసుకున్నారు. తెలుగు బైబిల్ చదివి ఈ లోగో చూస్తే, దెబ్బలకీ చారలకీ ఏం సంబంధమో తలకెక్కదు. అందుకే ముందు ఇది చెప్పాను.

అసలు వరస మాత్రం తిరగేసి ఉంటుంది. చారలు ముందొచ్చాయి, వచనం తర్వాతొచ్చింది. డ్రమ్స్ వాయించే రాబర్ట్ స్వీట్‌కి పసుపు నలుపు చారలంటే పిచ్చి. బృందానికి అప్పటి పేరు 'రాక్స్ రెజీమ్'. 1983లో పేరు మార్చుకున్నప్పుడు, అప్పటికే ఒంటిమీదున్న చారలకి లేఖనంలో అర్థం దొరికింది. ఆ తర్వాత 'స్ట్రైపర్' అన్న పేరులో ఇంగ్లీషులో ఉండే ఏడక్షరాల్లో ఒక్కో అక్షరానికీ ఒక్కో మాట కట్టారు. విమోచన ద్వారా రక్షణ. అది ఇచ్చే సమాధానం, ప్రోత్సాహం, నీతి. ఇది కాస్త లాక్కొచ్చి కట్టినట్టే ఉంటుంది, నిజం చెప్పాలంటే. శ్లేషే గట్టిది.

ఇక మనుషులు. దక్షిణ కాలిఫోర్నియా, లాస్ ఏంజెలిస్‌కి దక్షిణాన ఆరెంజ్ కౌంటీ. అన్నదమ్ములిద్దరు. పెద్దవాడు రాబర్ట్ డ్రమ్స్, 1960లో పుట్టాడు. చిన్నవాడు మైకేల్ పాట, గిటార్, 1963లో పుట్టాడు. రెండో గిటార్ ఆజ్ ఫాక్స్, బేస్ గిటార్ టిమ్ గేన్స్. మొదటి రికార్డు వచ్చిన 1984 నాటికి పాడేవాడికి 21 ఏళ్లు. అందరికంటే పెద్దవాడికి 24. తర్వాత వాళ్లమీద పడ్డ తిట్లూ, మోసిన బరువూ వింటున్నప్పుడు ఈ వయసులు గుర్తుపెట్టుకోండి.

అప్పటి లాస్ ఏంజెలిస్‌లో బృందం నడపడమంటే ఏమిటో చూద్దాం. సన్‌సెట్ స్ట్రిప్ అనే ఒక రోడ్డు, ఆ చుట్టుపక్కల కొన్ని క్లబ్బులు. విస్కీ ఎ గో గో, ట్రూబడూర్, గజారీస్. జుట్టు పెంచి, స్ప్రే కొట్టి, బిగుతు బట్టలేసుకుని ఊరూరి నుంచి కుర్రాళ్లు ఆ రోడ్డుకే చేరేవాళ్లు. సాయంత్రమైతే కరెంటు స్తంభాల మీద కరపత్రం మీద కరపత్రం. ఆ దశాబ్దం ముదిరేకొద్దీ క్లబ్బులు ఇంకో పద్ధతి పట్టాయి. టికెట్ల కట్ట బృందం చేతికే ఇస్తాయి. అమ్మగలిగినన్ని అమ్మాలి, మిగిలినవాటి డబ్బు జేబులోంచి కట్టాలి. అలాంటి చోట పాట బాగుంటే చాలదు. రోడ్డుకవతల నిలబడ్డవాడు కూడా ఇది ఫలానా బృందం అని గుర్తుపట్టాలి. పసుపు మీద నలుపు చాలా దూరం నుంచి కనబడే జత. రోడ్ల మీద హెచ్చరిక బోర్డులకి దాన్ని వాడేది అందుకే. రాబర్ట్ అభిరుచి అలా వ్యాపారానికి కూడా కలిసొచ్చింది. బట్టలు, గిటార్లు, డ్రమ్స్, ఆంప్లిఫయర్లు, ఏదీ వదలకుండా చారలేశారు.

రాక్స్ రెజీమ్‌లో కొన్నాళ్లు సి.సి. డెవిల్ అనే గిటారిస్టు ఉన్నాడు. తర్వాత 'పాయిజన్' బృందంలో చేరి పేరు తెచ్చుకున్నాడు. ఒకే రోడ్డు మీద ఒకేసారి పెరిగినవాళ్లు వీళ్లంతా. బయటి నుంచి చూస్తే పాయిజన్‌కీ స్ట్రైపర్‌కీ తేడా బట్టల రంగులో మాత్రమే కనిపిస్తుంది.

అసలు తేడా ఒక నిర్ణయంలో ఉంది. స్వీట్ కుటుంబం 1975లో టీవీలో జిమ్మీ స్వాగర్ట్ ప్రసంగాలు చూసి విశ్వాసంలోకి వచ్చింది. ఈ పేరు మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి. తర్వాత కుర్రాళ్లు క్లబ్బుల్లో పడ్డారు, విశ్వాసం వెనక్కిపోయింది. 1983లో మళ్లీ దానివైపు తిరిగారు. అప్పుడు ముందు రెండు దారులున్నాయి. ఒకటి, క్లబ్బులు వదిలేసి చర్చి హాళ్లలో, యువజన సభల్లో పాడటం. రెండోది, ఉన్నచోటే ఉండి పాట మార్చడం. రెండోదే ఎంచుకున్నారు. తర్వాత జరిగిన ప్రతీదీ, చారల నుంచి తిట్ల దాకా, ఈ ఒక్క నిర్ణయం నుంచే వచ్చిందన్నది నా వాదన.

వీళ్లకంటే ముందు క్రైస్తవ రాక్ లేదా అంటే, ఉంది. షికాగోకి చెందిన రిసరెక్షన్ బ్యాండ్ 1972లోనే మొదలైంది, మంచి గట్టి రాక్. పెట్రా కూడా అదే ఏడాది మొదలైంది. స్వీడన్‌లో జెరూసలేం అనే బృందం. అయితే వీటిలో చాలావాటి రికార్డులు క్రైస్తవ పుస్తకాల దుకాణాల్లో దొరికేవి. అక్కడికి వచ్చేది అప్పటికే నమ్మినవాళ్లు. పక్క వీధిలో మామూలు రికార్డుల దుకాణంలో మెటల్ అరల ముందు నిలబడే కుర్రాడు ఆ గుమ్మం తొక్కడు. ఇంకోవైపు, అదే 1984లో షికాగోకే చెందిన 'ట్రబుల్' అనే బృందం మొదటి ఆల్బమ్ తెచ్చింది. బరువైన, నెమ్మదైన మెటల్. పాటల్లో బైబిల్ మాటలున్నాయని వాళ్ల కంపెనీ దానికి 'వైట్ మెటల్' అని పేరు తగిలించింది. సైతాను పాటల 'బ్లాక్ మెటల్'కి ఎదురుమాటగా అన్నమాట. ఆ పేరు తర్వాత స్ట్రైపర్‌కీ అంటుకుంది.

స్ట్రైపర్ డెమో టేపు పట్టుకున్నది ఎనిగ్మా రికార్డ్స్. హైన్ అన్నదమ్ములు నడిపిన స్వతంత్ర కంపెనీ, దక్షిణ కాలిఫోర్నియాదే. క్రైస్తవ కంపెనీ కాదు. కాబట్టి రికార్డు ముందు వెళ్లేది మామూలు మెటల్ అరలోకే. 1984 జూలైలో 'ద ఎల్లో అండ్ బ్లాక్ అటాక్' వచ్చింది. ఆరు పాటలు మాత్రమే. పూర్తి ఆల్బమ్ కాదు, ఈపీ. కొత్త బృందానికి ఈపీతో మొదలుపెట్టడంలో లెక్క ఉంది. స్టూడియో అద్దె గంటల చొప్పున. ఆరు పాటలకి సగం ఖర్చు. దుకాణంలో ధర తక్కువ, తెలియని పేరు మీద కొనేవాడు తెగిస్తాడు. బలహీనమైన పాట కలపాల్సిన అవసరం ఉండదు. అమ్ముడైతే పూర్తి ఆల్బమ్‌కి దారి, కాకపోతే నష్టం చిన్నది. ఈ ఈపీనే 1986లో రెండు పాటలు చేర్చి మళ్లీ వేశారు. అందుకే పాత రికార్డులు సేకరించేవాళ్లు ముందు పాటలు లెక్కపెడతారు. ఆరుంటే మొదటిది, ఎనిమిదుంటే రెండోది.

ఇప్పుడు వేదిక. డ్రమ్స్ మామూలుగా జనం వైపు తిరిగి ఉంటాయి. ముందు పెద్ద బేస్ డ్రమ్ము, పైన కంచు తాళాలు (సింబల్స్), వాటి వెనక ఎక్కడో డ్రమ్మర్ తల. రాబర్ట్ మొత్తం సెట్టుని పక్కకి తిప్పేశాడు. అంటే జనానికి అతని పక్కభాగం కనబడుతుంది. చేతులు, కాళ్లు, కర్ర తిరిగే తీరు అంతా బయటికే. 'విజువల్ టైమ్‌కీపర్' అని తనకి తానే బిరుదిచ్చుకున్నాడు. తాళం కంటికి కనబడేలా వేసేవాడని అర్థం. చూడటానికి గొప్పగా ఉంటుంది, కానీ ఇలా పెట్టినప్పుడు వచ్చే చిక్కులున్నాయి. మొదటిది, బేస్ డ్రమ్ముల ముఖాలు హాలు వైపు కాకుండా వేదిక పక్క వైపు ఉంటాయి. చిన్న క్లబ్బుల్లో డ్రమ్స్ చప్పుడు సగం నేరుగానే జనానికి చేరుతుంది కాబట్టి అక్కడ తేడా తెలుస్తుంది. పెద్ద హాల్లో అన్నీ మైకుల మీదే నడుస్తాయి కాబట్టి పట్టింపు లేదు. రెండోది, తాళాల చప్పుడు సూటిగా వేదిక మీద ఎవరో ఒకరి మైకులోకి పోతుంది. పాడేవాడిని డ్రమ్మర్‌కి ఎదురుగా నిలబెడితే అతని మైకు నిండా తాళాలే. మూడోది, డ్రమ్మర్ ఒకవైపు మనిషిని ఎప్పుడూ చూస్తుంటాడు, ఇంకోవైపు మనిషికి అతని వీపే. పాట ముగింపు సైగ అందరికీ అందాలంటే మెడ తిప్పాల్సిందే. ఇన్ని తెలిసీ అలాగే పెట్టాడంటే, వాళ్ల లెక్కలో చూపుకి ఎంత విలువుందో ఊహించుకోండి.

తర్వాత 'కొత్త నిబంధన', అంటే బైబిల్ రెండో భాగం. కచేరీ మధ్యలో చిన్న కొత్త నిబంధన పుస్తకాలు, వాటి మీద బృందం స్టిక్కరు అంటించి, జనంలోకి విసిరేవాళ్లు. మిగతా బృందాలు గిటార్ పిక్కులు, డ్రమ్ కర్రలు విసురుతాయి. జనం ఎగబడి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు. అదే అలవాటుని వీళ్లు వాడుకున్నారు. కచేరీలో చేతికొచ్చిన వస్తువు ఏదైనా సరే, మెటల్ అభిమాని పారేయడు. ప్రసంగం చేసి పంచితే పుచ్చుకోనివాడు కూడా, ఎగిరి పట్టుకున్నది దాచుకుంటాడు.

(సభలోంచి ఒకరు: తగిలితే దెబ్బ తగలదాండీ?)

అట్ట పుస్తకం కాదు లెండి, పల్చటి కాగితం అట్టది, అరచేతిలో ఇమిడేది. అయినా బాల్కనీ దాకా విసరాలంటే కాస్త చేయి తిరగాలి.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం, చప్పుడు. ఇక్కడ నెమ్మదిగా వెళ్తాను.

హెవీ మెటల్‌కి పునాది పవర్ కార్డ్. కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం, పంచమం, అంతే. గాంధారం ఉండదు. ఎందుకుండదు? డిస్టార్షన్ వల్ల. ఆంప్‌ని దాని శక్తికి మించి నెడితే తరంగం తల తెగుతుంది. అప్పుడు రెండు స్వరాలు కలిపి మోగించామంటే, వాటి మొత్తం, వాటి తేడా కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. లెక్క చూడండి. గిటార్ ఐదో తీగ ఖాళీగా మీటితే 110 హెర్ట్జ్. దాని పంచమం దాదాపు 165. తేడా 55. ఇది 110కి సరిగ్గా కింది స్థాయి షడ్జమం. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంటే గిటార్‌లో లేని ఒక కింది స్వరాన్ని డిస్టార్షన్ పుట్టించి ఇస్తోంది. బరువంతా అక్కడిది. ఇప్పుడు అందులో అంతర గాంధారం కలపండి. శుద్ధమైన గాంధారం 137.5 ఉండాలి. గిటార్ మెట్ల మీద వచ్చేది 138.6. మామూలుగా వింటే ఈ తేడా చెవికి పట్టదు. డిస్టార్షన్‌లో మాత్రం పుట్టే కొత్త స్వరాలన్నీ ఒకదానితో ఒకటి పొసగక గరగరలాడతాయి. పంచమానికి ఆ బాధ దాదాపు లేదు. అందుకే మెటల్ గిటార్లు గాంధారాన్ని కార్డులోంచి తీసేసి, రాగం వైపు, అంటే గొంతుకీ సోలోకీ అప్పజెబుతాయి.

స్ట్రైపర్ ఆ అప్పజెప్పినదాన్ని బాగా వాడుకుంది. ఇద్దరు గిటారిస్టులు ఒకే స్వరాల వరసని గాంధారం ఎడంతో జంటగా వాయించడం వాళ్ల ముద్ర. ఇది వీళ్లు కనిపెట్టింది కాదు, ఇంగ్లండ్ మెటల్ బృందాల దగ్గర అప్పటికే ఉన్నదే. ఎలా కుదురుతుందో చూడండి. మెటల్ పాటల్లో ఎక్కువగా వాడే మైనర్ స్కేలు మన నఠభైరవి. ఒకరు 'స రి గ' వాయిస్తే రెండోవారు 'గ మ ప' వాయిస్తారు. స నుంచి గ మూడు మెట్లు. రి నుంచి మ మూడు మెట్లు. గ నుంచి ప మాత్రం నాలుగు మెట్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడే పడిపోతారు. మొదటి రెండు స్వరాలకీ మూడే కదా అని మూడో దానికీ చేతిని మూడు మెట్ల దూరంలోనే ఉంచితే, పంచమం బదులు ప్రతిమధ్యమం మోగుతుంది. రాగం చెడిందని సంగీతం రానివాడికి కూడా తెలిసిపోతుంది. మ, ప దగ్గర మళ్లీ మూడు. ద, ని దగ్గర నాలుగు. కాబట్టి రెండోవారు మొదటివారి చేతిని చూసి వాయించకూడదు, స్కేలు మనసులో పెట్టుకుని తన రాగం తను వాయించాలి. ఇంకొక నియమం: తీగ లాగి గమకంలా స్వరం పైకి తెచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే వేగంతో లాగాలి. ఒకరు ముందే చేరితే ఆ అర సెకను పాటు రెండు గిటార్లూ పోట్లాడుకుంటాయి.

రికార్డింగ్‌లో ఇంకో మెలకువ. వెడల్పు రావాలంటే తాళం పట్టే గిటార్‌ని రెండుసార్లు వాయించి ఒకటి ఎడమ స్పీకర్‌కి, ఇంకొకటి కుడి స్పీకర్‌కి పంపుతారు. ఒకసారి వాయించినదాన్నే రెండువైపులా పెడితే వెడల్పు రాదు. చెవి దాన్ని మధ్యలోంచి వచ్చే ఒకే గిటార్‌గా వింటుంది, కాస్త గట్టిగా, అంతే. రెండుసార్లు వాయించినప్పుడు చేతిలో సహజంగా వచ్చే సన్నని తేడాలే వెడల్పు. అలాగని తేడా ఎక్కువైతే దెబ్బ జారి వినిపిస్తుంది. మనిషి అదే దెబ్బని అంత దగ్గరగా రెండుసార్లు వేయగలగాలి. కంప్యూటర్లో సర్దుకునే కాలం కాదది, టేపు.

క్రైస్తవ బృందానికి మాత్రమే ఉన్న చిక్కు ఒకటి ఇక్కడ చెప్పాలి. మాట వినబడాలి. మిగతా మెటల్ బృందాలకి సాహిత్యం అర్థం కాకపోయినా ఫరవాలేదు, కొందరికి అర్థం కాకపోతేనే మేలు. (నవ్వులు) వీళ్లు పాడేదే ఆ మాట కోసం. గొంతులో హల్లులు స్పష్టంగా తెలిసే ప్రాంతం సుమారు 2 నుంచి 5 వేల హెర్ట్జ్. డిస్టార్షన్ గిటార్ కొరికే ప్రాంతం కూడా అదే. గిటార్లు పెంచితే మాట మునుగుతుంది, తగ్గిస్తే మెటల్ కాకుండా పోతుంది. స్ట్రైపర్ పాటలు ఈ చిక్కుని మూడు రకాలుగా దాటాయి. చరణంలో గిటార్లని తెరిపిచ్చి తెరిపిచ్చి వాయించడం, ఆ సందుల్లో మాటలు పెట్టడం. పల్లవిలో మాటలు తగ్గించి, నాలుగైదే పెట్టి, వాటినే మళ్లీ మళ్లీ అనడం. ఆ పల్లవిని ఒక్క గొంతుతో కాకుండా నాలుగైదు గొంతులు పొరలు పొరలుగా పాడటం. మైకేల్ గొంతు మామూలుగానే పైస్థాయిలో ఉంటుంది, గిటార్ల గుంపుకి పైన తేలుతుంది. మన భజనల్లో పల్లవి చేసే పని ఇక్కడి పల్లవీ చేస్తుంది. మొదటిసారి విన్నవాడు రెండోసారికి గొంతు కలపగలగాలి.

1985 మేలో మొదటి పూర్తి ఆల్బమ్ 'సోల్జర్స్ అండర్ కమాండ్'. నిర్మాత మైకేల్ వాగనర్, జర్మనీ నుంచి వచ్చిన ఇంజనీరు. మరుసటి ఏడాది మెటాలికా వాళ్ల 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'ని మిక్స్ చేసింది ఈయనే. ఈపీ పక్కన పెట్టి ఈ ఆల్బమ్ వినండి. ఈపీలో అందరూ ఒకే గదిలో ఇరుక్కున్నట్టుంటుంది. ఇక్కడ డ్రమ్స్‌కి గది వచ్చింది, గొంతుల పొరలకి చోటు వచ్చింది. చివర్లో అమెరికా అంతర్యుద్ధం నాటి 'బ్యాటిల్ హిమ్ ఆఫ్ ద రిపబ్లిక్' పెట్టారు. అమెరికా ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 84వ స్థానం దాకా వెళ్లింది. స్థానం చూస్తే చిన్నది. కానీ ఆ పట్టికలో 40 వారాలుంది. ఒక్కసారి ఎగిరి పడిపోయే రికార్డు కాదది, నోటిమాట మీద నెమ్మదిగా అమ్ముడైన రికార్డు. 5 లక్షలు దాటి గోల్డ్ అయింది. అదే ఏడాది జపాన్ వెళ్లారు, ఆ కచేరీ వీడియోగా కూడా వచ్చింది. పక్కకి తిరిగిన డ్రమ్స్ ఎలా ఉంటాయో చూడాలంటే అదే చూడండి.

ఇక తిట్లు. ఇవి రెండువైపుల నుంచీ వచ్చాయి. మెటల్ అభిమానుల్లో కొందరికి ఇది ప్రవచనం, వేషం. చర్చి వైపు నుంచి వచ్చినవి ఇంకా ఘాటు. కాలం గుర్తుచేసుకోండి. 1985 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో, రాక్ పాటల సాహిత్యం మీద సెనేట్ కమిటీ విచారణ జరిగింది. హెవీ మెటల్ అంటే సైతాను పూజ అని సామాన్య అమెరికన్ తల్లిదండ్రులు నమ్ముతున్న రోజులు. ఆ రోజుల్లో యేసు పేరుతో అదే జుట్టు, అదే బిగుతు బట్టలు, అదే చప్పుడు. జిమ్మీ స్వాగర్ట్ వీళ్లమీద విరుచుకుపడ్డాడు. రాక్ సంగీతానికీ విశ్వాసానికీ పొత్తు కుదరదన్నాడు. కొత్త నిబంధన పుస్తకాలు జనంలోకి విసరడాన్ని పందుల ఎదుట ముత్యాలు వేయడంతో పోల్చాడు. పదేళ్లకిందట టీవీలో ఎవరి మాటలు విని ఆ ఇంట్లో విశ్వాసం మొదలైందో, ఆయనే. ఇంకొంచెం చెప్పనా? ఆ స్వాగర్ట్ రాక్ అండ్ రోల్ తొలితరం పియానో వీరుడు జెర్రీ లీ లూయిస్‌కి దగ్గరి చుట్టం.

ఈ గొడవ అమెరికాకే సొంతం కాదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి కర్ణాటక రాగాల్లో క్రైస్తవ కీర్తనలు కట్టారు. అవి ఈనాటికీ తెలుగు చర్చిల్లో పాడుకుంటున్నారు. రాగం ఎవరి సొత్తు, తాళం ఏ మతానిది అన్న ప్రశ్న మనకీ పాతదే. తేడా ఎక్కడంటే, కీర్తన గుడి నుంచి చర్చికి వచ్చింది. స్ట్రైపర్ చేసింది చర్చి మాటని క్లబ్బుకి మోసుకెళ్లడం.

అన్ని సంఘాలూ కాదనలేదు. బాబ్ బీమన్ అనే పాస్టరు 1985 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియాలో 'శాంక్చువరీ' అని మెటల్ కుర్రాళ్ల కోసమే ఒక చర్చి పెట్టాడు. స్ట్రైపర్‌కి కూడా ఆయనే పాస్టరుగా అండగా నిలిచాడు. జుట్టు కత్తిరించుకుని రమ్మనని చర్చి అన్నమాట. తర్వాత వచ్చిన క్రైస్తవ మెటల్ బృందాలకి ఇలాంటి చోట్లే నీడనిచ్చాయి.

1986 అక్టోబరు. 'టు హెల్ విత్ ద డెవిల్'. పేరు దగ్గరే పేచీ మొదలు. తొందరపడి చదివినవాడికి 'సైతానుతో కలిసి నరకానికి' అని వినిపిస్తుంది. నిజానికి అది సైతానుని తిట్టే తిట్టు. మన మాటల్లో 'సైతాను గంగలో కలవ' అన్నట్టు. మొదటి అట్ట మీద నలుగురు దేవదూతలు సైతాను రూపాన్ని అగ్నిలోకి తోసేస్తున్న బొమ్మ వేశారు. ఆ దేవదూతలు బృందంలాగే ఉంటారు. దానికీ గొడవ రేగింది. తర్వాతి ముద్రణల్లో ఆ బొమ్మ తీసేసి నల్లని అట్ట మీద లోగో మాత్రం ఉంచారు. నా మటుకు నాకు నల్ల అట్టే నచ్చుతుంది. మొదటిది ఏం చెప్పాలనుకుందో మరీ ఎక్కువగా చెప్పేసింది.

ఈ ఆల్బమ్ అట్ట మీది ఫొటోలు చూసి మోసపోకండి. ఫొటోలో టిమ్ గేన్స్ ఉన్నాడు, రికార్డులో బేస్ వాయించింది అతను కాదు. ఆ సమయంలో అతను కొన్నాళ్లు బయటికెళ్లాడు. మ్యాట్ హ్యూరిచ్ అనే ఇంకొకతను కొద్దిరోజులు వచ్చిపోయాడు. చివరికి స్టూడియోలో బ్రాడ్ కాబ్ వాయించాడు. కచేరీలకి గేన్స్ తిరిగొచ్చాడు. బేస్ నేర్చుకునేవాళ్లు ఈపీలో బేస్‌నీ ఇందులో బేస్‌నీ పక్కపక్కన పెట్టి వింటే రెండు చేతులని పట్టుకోవచ్చు.

అమ్మకాలు 10 లక్షలు దాటాయి, ప్లాటినం. బిల్‌బోర్డ్‌లో 32వ స్థానం. 'కాలింగ్ ఆన్ యూ', 'ఫ్రీ' పాటల వీడియోలు ఎంటీవీలో జనం ఫోన్లు చేసి అడిగి మరీ వేయించుకున్నారు. ఇంత జరిగినా, రేడియోని గెలిచింది మెటల్ పాట కాదు. 'ఆనెస్ట్‌లీ' అనే పియానో పాట. ఆల్బమ్ వచ్చిన ఏడాది దాటాక, 1988 మొదట్లో, అది అమెరికా పాటల పట్టిక హాట్ 100లో 23వ స్థానానికి చేరింది. ఆ పాటలో దేవుడి పేరు లేదు. 'నువ్వు' ఉంది. ప్రియురాలికి చెప్పినట్టూ ఉంటుంది, స్నేహితుడికి చెప్పినట్టూ ఉంటుంది, దేవుడు మనిషితో అన్నట్టూ ఉంటుంది. దీన్ని కొందరు విశ్వాసులు మోసమన్నారు. క్షేత్రయ్య పదాలు విన్న చెవులకి ఇందులో వింతేముంది? అక్కడా నాయిక ఎవరినో తలుచుకుని వగచిపోతుంది, వినేవాడు తన స్థాయిని బట్టి అందుకుంటాడు. తేడా ఏమిటంటే క్షేత్రయ్య చివర్లో మువ్వగోపాల అని ముద్ర పెట్టాడు. వీళ్లు పాటలో ముద్ర పెట్టలేదు, అట్ట మీద పెట్టారు. రేడియోలో వినేవాడికి అట్ట కనబడదు. క్లబ్బులో మొదలైన నిర్ణయం, బయటి జనం మధ్యే పాడాలన్నది, ఇక్కడికొచ్చేసరికి ఒక మెలికలో పడింది. జనం ఎక్కువయ్యేకొద్దీ మాట పల్చబడింది. ఆ తర్వాతి రెండు ఆల్బమ్‌లలో బృందం ఈ మెలికతోనే పెనుగులాడింది. 1990 నాటి ఆల్బమ్‌లో చారలు కూడా విప్పేశారు. 1992లో మైకేల్ విడిపోయాడు. అది వేరే కథ, వేరే సాయంత్రానికి.

ఇప్పుడు పాట. 'సోల్జర్స్ అండర్ కమాండ్', అదే పేరున్న ఆల్బమ్‌లో మొదటిది. మూడు చోట్ల చెవి పెట్టండి. మొదటిది, చరణంలో పాడుతున్నప్పుడు గిటార్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి, మాట ఆ సందులోనే పడుతుంది. రెండోది, పల్లవిలో ఎన్ని గొంతులున్నాయో లెక్కపెట్టండి, తేలదు, ప్రయత్నించండి. మూడోది, సోలోలో రెండు గిటార్లు జంటగా వచ్చే చోట పైగిటార్‌ని వదిలేసి కింద మోగేదాన్ని మాత్రం పట్టుకుని చివరిదాకా వెళ్లండి.

సౌండ్ చూసుకునే బాబూ, కుడి స్పీకర్ కొంచెం తగ్గినట్టుంది. సరిచేసి, మొదటినుంచీ పెట్టమ్మా.